పిల్లలు లేరని ఆమెనే ఎందుకు అడుగుతారు? నెల్లూరు తీరంలో బూడిద, లోహాలు, హార్మోన్లు

పెళ్లయి నాలుగేళ్లు దాటినా కడుపు పండకపోతే మన పల్లెల్లో వేలు ఎవరి వైపు చూపిస్తారో అందరికీ తెలుసు. తాయెత్తు ఆమెకే, ఉపవాసాలు ఆమెకే, మొగుడికి రెండో పెళ్లి చేస్తామనే బెదిరింపూ ఆమెకే. ఆయన చేసే పని ఏమిటి, ఇద్దరూ తాగే నీళ్లు ఎక్కడివి, పీల్చే గాలిలో ఏముంది అని అడిగేవాళ్లు తక్కువ. నిజానికి అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం నేలటూరులో ఏపీ జెన్‌కో ఆధ్వర్యంలో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు మూడు. దానికి పెట్టిన పేరు దామోదరం సంజీవయ్యది. ఆంధ్రప్రదేశ్‌కు తొలి దళిత ముఖ్యమంత్రి ఆయన. అదే తీరంలో ప్రైవేటు థర్మల్ ప్లాంట్లు, కృష్ణపట్నం ఓడరేవు ఉన్నాయి. మన దేశపు బొగ్గు కాలిస్తే అందులో సుమారు 30 నుంచి 45 శాతం బూడిదగా మిగులుతుంది. ఏ బొగ్గు బూడిదలోనైనా సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం కొద్దికొద్దిగా ఉంటాయి. పాదరసంలో చాలా భాగం ఆవిరై పొగగొట్టం దారి పడుతుంది. అందుకే కేంద్రం 2015 డిసెంబరులో థర్మల్ ప్లాంట్ల పొగలో పాదరసానికి కూడా పరిమితి పెట్టింది.

ఊరి పక్కన బూడిద ఉన్నంత మాత్రాన ఒంట్లోకి లోహం చేరినట్టు కాదు. దుమ్ముగానో, నీళ్లలోనో, తిండిలోనో లోపలికి వెళ్లే దారి ఉండాలి. ఆ దారి ఎవరి ఇంటి మీదుగా పోతుందన్నదే అసలు ప్రశ్న.

తూము నుంచి చేను దాకా

సంతానానికి సంబంధించిన హార్మోన్లు ఒక వరసలో పనిచేస్తాయి. మెదడులోని హైపోథలామస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి కబురు వెళ్తుంది. పిట్యూటరీ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. అవి మగవాళ్లలో వృషణాలను చేరితే టెస్టోస్టిరాన్, వీర్యకణాలు తయారవుతాయి. ఆడవాళ్లలో అండాశయాలను చేరితే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ తయారవుతాయి, నెలనెలా అండం విడుదలవుతుంది. పైన తూము దగ్గర అడ్డుపడినా, కింద కాలవకు గండిపడినా చేను ఎండుతుంది. లోహాలు ఈ వరసలో ఒక్క చోట కాదు, చాలా చోట్ల దెబ్బకొట్టగలవు.

సీసం సంగతి చూద్దాం. రుమేనియాలో బ్యాటరీ ఫ్యాక్టరీ కార్మికుల మీద 1975లో వచ్చిన అధ్యయనం వీర్యకణాల సంఖ్య, కదలిక, ఆకారం మూడూ దెబ్బతిన్నాయని చూపించింది. రక్తంలో సీసం డెసిలీటరుకు 40 మైక్రోగ్రాములు దాటినప్పుడు వీర్యకణాలు తగ్గుతాయని తర్వాతి పరిశోధనలూ చెప్పాయి. ఆడవాళ్లకు అంతకంటే చాలా తక్కువ మోతాదులోనే ముప్పు ఉంది. మెక్సికో సిటీలో గర్భిణుల మీద 1999లో వచ్చిన అధ్యయనంలో, సీసం 5 మైక్రోగ్రాములు పెరిగితే కడుపు పోయే అవకాశం 1.8 రెట్లయింది. సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. గర్భం వచ్చాక బిడ్డ కోసం ఎముకల్లోంచి కాల్షియం కరిగినప్పుడు సీసమూ దానితో పాటు బయటికి వస్తుంది. మాయను దాటి బిడ్డను చేరుతుంది. అంటే పెళ్లికి ముందు చేసిన పని తాలూకు విషం కాన్పు నాటికి లేచి రావచ్చు.

కాడ్మియం దారి వేరు. అది ఒంట్లో జింకు కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది, వృషణాలను కాపాడే రక్షణ పొరను దెబ్బతీస్తుంది. ఎలుకల్లో అది ఈస్ట్రోజెన్‌లా నటించి గర్భసంచిని పెంచిందని 2003లో తేలింది. మాయలో పేరుకుని, గర్భం నిలవడానికి కావలసిన ప్రొజెస్టిరాన్ తయారీని చెడగొడుతుంది. బీడీ, సిగరెట్ పొగతోనూ కాడ్మియం లోపలికి వెళ్తుంది. ఇక ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్న బోరునీళ్లు తాగిన బంగ్లాదేశ్, పశ్చిమ బెంగాల్ ఊళ్లలో కడుపులు పోవడం, చచ్చి పుట్టడం ఎక్కువని అధ్యయనాలు చెప్పాయి.

కులం ఎక్కడ వస్తుంది?

ఒంట్లో ఇనుము తక్కువైతే పేగులు సీసాన్ని, కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఒకే నీళ్లు తాగినా, సరైన తిండి లేని మనిషి ఒంట్లోకి ఎక్కువ విషం వెళ్తుంది. బూడిద ఎత్తే కాంట్రాక్టు పని, పాత బ్యాటరీలు పగలగొట్టే పని, మురుగు తీసే పని ఎవరికి దక్కుతాయో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాలవల్లో చేపలు, పీతలు పట్టుకుని బతికే యానాదులకు ఆ నీళ్లే వంటిల్లు. పని, తిండి, ఇల్లు మూడూ కులం చెప్పిన చోటే ఉంటే, లోహం వెళ్లే దారి కూడా కులం చెప్పిందే అవుతుంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. మనుషులు కళ్లెదుట పడిపోయారు కాబట్టి ప్రభుత్వాలు పరుగెత్తాయి. హార్మోన్ల దెబ్బ అలా నడిరోడ్డు మీద కనిపించదు. అది నెల తప్పి నెల ఆశగా, ఆపై నిందగా ఇంట్లోనే మిగిలిపోతుంది.

ఆడవాళ్లను పంపేస్తే సరిపోదు

అమెరికాలో జాన్సన్ కంట్రోల్స్ అనే బ్యాటరీ కంపెనీ, పిల్లలు పుట్టరని డాక్టరు కాగితం తెస్తే తప్ప ఆడవాళ్లను సీసం పనిలో ఉంచబోమంది. అదే కంపెనీలో, తండ్రి కావాలని, అందుకు ఒంట్లో సీసం తగ్గించుకోవాలని సెలవు అడిగిన మగ కార్మికుడికి సెలవివ్వలేదు. 1991లో అక్కడి సుప్రీంకోర్టు ఆ విధానం వివక్షేనని తీర్పు చెప్పింది. మనకూ ఇది పాఠం. తీసేయాల్సింది విషాన్ని, కూలి చేసుకునే ఆడమనిషిని కాదు.

థైరాయిడ్, ఇన్ఫెక్షన్లు, పీసీఓఎస్ ఇలా సంతానలేమికి కారణాలు చాలా ఉన్నాయి. పరీక్ష చేయకుండా ఏ ఒక్క జంట విషయంలోనూ లోహాలే కారణమనలేం. అందుకే పరీక్ష అడగాలి. భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి పరీక్షలు జరగాలి, వీర్య పరీక్ష మొదటి రోజే జరగాలి. ఏం పని చేస్తారు, నీళ్లు ఎక్కడివి అన్నది డాక్టరు రాసుకోవాలి. బూడిద, బ్యాటరీ పనుల్లో ఉన్నవాళ్లకు రక్తంలో సీసం పరీక్ష ఉచితంగా చేయాలి. సీసం, పాదరసం, ఆర్సెనిక్ విషప్రభావాలు మన కార్మిక చట్టంలో ప్రభుత్వానికి తెలియజేసి తీరాల్సిన జబ్బులు. బూడిద చెరువుల చుట్టూ భూగర్భ జలాల పరీక్షల నివేదికలను సమాచార హక్కు కింద కాలుష్య నియంత్రణ మండలిని అడగవచ్చు. విద్యార్థులు ఒక ఊరితో మొదలుపెట్టినా చాలు.

సంజీవయ్య పేరు ప్లాంటు గేటు మీద ఉంది. ఆ పేరుకు గౌరవం దక్కాలంటే ప్లాంటు చుట్టూ బతికే ఆడమనిషిని గొడ్రాలని పిలవకముందే ఆ ఊరి నీళ్లను పరీక్షించాలి.