నాలుగు అరల లెక్క ఒక్క అరలో: స్మార్ట్ కాంట్రాక్ట్ ఖర్చు తగ్గేదిలా

అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకునే పిల్లలు రూం మారి చిక్కడపల్లికో నారాయణగూడకో వెళ్లాలంటే ట్రాలీ ఆటో మాట్లాడుకుంటారు. ఒక్క పరుపు వేసినా, బండి నిండా సామాను వేసినా కిరాయి ఒకటే. అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే ట్రిప్పులో సర్దేస్తారు. స్మార్ట్ కాంట్రాక్ట్‌లో డేటా దాచడం కూడా ఇలాంటిదే.

స్మార్ట్ కాంట్రాక్ట్ అంటే షరతులు ముందే రాసి బ్లాక్‌చెయిన్‌లో పెట్టిన ప్రోగ్రామ్. మన రాష్ట్రంలో చిట్‌ఫండ్ల పర్యవేక్షణకు టీ-చిట్స్ పేరుతో బ్లాక్‌చెయిన్ వాడారు. అది సర్కారు ఏర్పాటు. ఇక్కడ చెప్పేది ఎవరైనా వాడుకోగల ఎథీరియం సంగతి.

ఎథీరియంలో డేటా 32 బైట్ల అరల్లో ఉంటుంది. వీటిని స్లాట్లు అంటారు. ఖాళీ స్లాట్‌లో కొత్తగా రాయాలంటే 20 వేల పైచిలుకు గ్యాస్ ఖర్చవుతుంది. గ్యాస్ అంటే మనం కట్టే రుసుముకు కొలమానం.

20 మంది, 20 నెలల చిట్టీ అనుకుందాం. ప్రతి వాయిదాకు సభ్యుడి అడ్రస్ 20 బైట్లు, రూపాయలు 8, నెల 1, కట్టినట్టు గుర్తు 1. మొత్తం 30 బైట్లే! ఒక్కోదానికి ఒక్కో స్లాట్ ఇస్తే 80 వేల గ్యాస్, అన్నీ ఒకే స్లాట్‌లో సర్దితే 20 వేలు. 400 వాయిదాలకు 3.2 కోట్లు కావాల్సిన చోట 80 లక్షలతో సరిపోతుంది.

ఎలా సర్దాలి? సాలిడిటీ భాషలో చిన్న వివరాలను పక్కపక్కనే రాయాలి. మధ్యలో 32 బైట్ల వివరం ఒకటి దూరితే వరుస తెగి, కొత్త స్లాట్ మొదలవుతుంది. ఒక స్లాట్‌లోని వివరాలన్నీ ఒకేసారి రాస్తేనే పూర్తి లాభం.

అయితే అతిగా కుదిస్తే ప్రమాదం. 2 బైట్లలో 65,535 వరకే పడుతుంది. అందులో లక్షను బలవంతంగా ఇరికిస్తే, కోడ్ అడ్డుకోకపోతే, 34,464గా నమోదవుతుంది. బిడ్డ నికాహ్ కోసం చిట్టీ వేసిన ఇంటికి అది చిన్న తేడా కాదు. పైగా ఒకసారి పెట్టిన కోడ్‌ను మామూలుగా మార్చలేం.

కాబట్టి కోడ్ రాసేవాళ్లను రెండు విషయాలు అడగండి: స్లాట్లు ఎన్ని పడుతున్నాయి? అతి పెద్ద మొత్తం పెట్టి పరీక్షించారా? ఇంకో మాట, కోడ్ ఉన్నా సరే, చిట్టీకి 1982 చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పదు.