సోమి చెట్టు కింద పెద్దల బడి

సోమి చెట్టు శాస్త్రనామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. రెండో మాట లాటిన్‌ది, జ్వరాన్ని పోగొట్టేదని అర్థం. మొదటి మాటకు నిఘంటువు తిరగెయ్యక్కర్లేదు, అది మన ‘సోమిద’. బెరడు కషాయం కాచి జ్వరానికి తాగే చెట్టు పేరును తెలుగువాళ్ల నోట విని, ఒక పరాయి దేశపు వైద్యుడు రాసిపెట్టుకున్నాడు. ఆ పేరే సముద్రాలు దాటింది.

ఆ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండ్ మనిషి. 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరి, 1780ల్లో సామర్లకోటలో మకాం పెట్టాడు. అక్కడే తోట వేశాడు, మిరియం పండించి చూశాడు. 1787 ఉప్పెన ఆయన పుస్తకాలనూ రాతలనూ ఊడ్చుకుపోతే మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాడు. ఇక్కడి చిత్రకారుల చేతనే మొక్కల బొమ్మలు గీయించాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా వచ్చిన ఆయన పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. మొక్క వర్ణనతో పాటు ఎన్నోచోట్ల తెలుగు పేరూ కనిపిస్తుంది.

శాస్త్రనామం చివర, ఆ పేరు పెట్టినవాడి పేరును పొట్టిగా రాయడం రివాజు. ఆ లెక్కన ఖమ్మం జిల్లా సత్తుపల్లి నుంచి అశ్వారావుపేట మీదుగా భద్రాచలం దిక్కున అడవిలోకి వెళ్తే అడుగడుగునా రాక్స్‌బర్గ్ సంతకమే. తునికి, తబసి, ఏగిస పేర్ల వెనక ఉన్నది ఆయనే. ఇప్పకూ చిరుమానుకూ ఇంటిపేరు తర్వాత మారింది గానీ మొదట నామకరణం చేసింది ఆయనే. మరి ఇది తునికి, ఇది తబసి అని ఆయనకు చూపించినవాళ్లెవరు? వాళ్ల పేర్లు ఏ చెట్టు వెనకా లేవు. చదువుకున్న డాక్టరు ముప్పయ్యేళ్ల వయసులో మన ఊళ్లకొచ్చి చెట్ల దగ్గర మళ్లీ ఓనమాలు దిద్దుకున్నాడు. బొటానికల్ గార్డెన్‌లో వయోజన విద్య అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ విద్యార్థే.

అసలు బొటానికల్ గార్డెన్ పుట్టిందే పెద్దల చదువు కోసం. ఇటలీలో 1545 నాటి పడువా తోట వైద్య విద్యార్థులకు మందుమొక్కలు చూపించడానికి వేసింది. లండన్‌లోని చెల్సీ తోటను 1673లో మందులు నూరే వృత్తివాళ్లు తమ శిష్యులకు మొక్కలు గుర్తుపట్టడం నేర్పడానికి పెట్టుకున్నారు. ఏది మందో ఏది విషమో తెలియకపోతే రోగి ప్రాణం పోతుంది మరి. 1891లో మొదలైన న్యూయార్క్ తోటలో ఇప్పుడు పెద్దవాళ్లు రుసుము కట్టి కొమ్మలు కత్తిరించడం, మొక్కల బొమ్మలు గీయడం, తోట వెయ్యడం నేర్చుకుంటారు. ఉయ్యాలా, జారుడుబల్లా ఉంటేనే పార్కు అనుకోవడం మనకు తర్వాత అబ్బిన అలవాటు.

హైదరాబాద్ కొత్తగూడలో కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ 274 ఎకరాలది. పొద్దున్నే అక్కడ నడిచేవాళ్లకు చక్కెర జబ్బు లెక్కలు తెలిసినంతగా పక్కనున్న చెట్లు తెలియవు. (నడకను తప్పుపట్టడం లేదు, నేనూ ఆ జట్టే.) జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్ర అధ్యాపకుడు సదాశివయ్య చొరవతో పెరిగిన తెలంగాణ బొటానికల్ గార్డెన్ వేరే తరహా. అక్కడ చూడటానికి వెళ్లినవాళ్లు ప్రశ్నలు వేస్తారు. ఇక సత్తుపల్లికి ఉన్నది నీలాద్రి అర్బన్ పార్కు. పేరులో బొటానికల్ గార్డెన్ లేదు గానీ తెచ్చి నాటిన తోట కాదు, ఊరిని ఆనుకుని మిగిలిన అడవే. లోపల దుప్పులున్నాయి. ఊరికి మరో అంచున జలగం వెంగళరావు పేరిట సింగరేణి ఉపరితల గని. ఒకవైపు నేలను తలకిందులు చేసి బొగ్గు తీస్తుంటే, ఆ నేల మీద ఇదివరకు ఏముండేదో చూపించడానికి మిగిలిన నమూనా ఈ నీలాద్రి.

ఇక్కడి పెద్దలకు ఏం నేర్పాలి? ఆ మాటకొస్తే సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట రైతులు ఒక పెద్ద కోర్సు ఇప్పటికే పూర్తి చేశారు. దాని పేరు ఆయిల్‌పామ్. ఆఫ్రికా చెట్టు. మన దేశంలో మొదట నాటింది 1886లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌లో. అంతకు తొంభై మూడేళ్ల కిందట అదే తోటకు రాక్స్‌బర్గ్ సామర్లకోట నుంచి బదిలీ మీద వెళ్లాడు. నర్సరీ మొక్క నాటి మూడు నాలుగేళ్లు అంతర పంటతో నెట్టుకురావడం, చెట్టు చుట్టూ పాదు శుభ్రంగా ఉంచడం, రాలిన పండ్లను బట్టి గెల పక్వం కనిపెట్టడం, పొడుగు గెడకు కట్టిన కొడవలితో కోయడం, నీడలో కోకో వెయ్యడం... ఇవేవీ తాతలు చెప్పిన విద్యలు కావు. వరి, చెరకు తెలిసిన మనుషులు నలభై, యాభై ఏళ్ల వయసులో కొత్తగా నేర్చుకున్నారు. పురుగంటే మందు కొట్టడమే తెలిసిన రైతు, ఈ తోటలో ఒక చిన్న ముక్కుపురుగును దేవుడిలా చూసుకోవాలనీ తెలుసుకున్నాడు. ఆడపూతకు పుప్పొడి మోసేది అదే. దాని కోసం కామెరూన్ దాకా వెళ్లి తెచ్చి 1981లో మలేషియా తోటల్లో వదిలారు, అటు తర్వాత అది మన దేశానికీ వచ్చింది. టన్ను ధర చేతిలో కనపడితే పెద్దవాళ్ల బుర్రకెక్కని పాఠం లేదు.

నెల్లూరు చెప్పిందీ అదే. 1990ల మొదట్లో అక్కడ అక్షరదీపం అనే అక్షరాస్యత కార్యక్రమం కింద నడిచిన రాత్రి బడుల్లో సారా మీద ఒక కథను పాఠంగా పెట్టారు. అది చదివిన ఆడవాళ్లకు అందులో తమ ఇల్లే కనపడింది. దూబగుంటలో సారా దుకాణం మూయించారు, 1993 అక్టోబరుకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. ‘అల, వల’ దగ్గరే ఆపితే ఇదంతా జరిగేదా?

ఆయిల్‌పామ్‌కు ఇంత చదువు చెప్పినవాళ్లం, తబసికి ఎంత చెప్పాం? తబసి బంక కోసం పాత పద్ధతిలో గొడ్డలితో లోతుగా నరికేవారు. నాలుగు పైసలు ఎక్కువొచ్చేవి, నాలుగేళ్లకు చెట్టు చచ్చేది. గిరిజన సహకార సంస్థ, విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ కలిసి ఏజెన్సీలో బంక తీసేవాళ్లకు శిక్షణ ఇచ్చాయి. పైపైన చిన్న గాటు పెట్టాలి, బంక మట్టి అంటకుండా పట్టాలి, గాయం మానడానికి వ్యవధి ఇవ్వాలి. బంక తెల్లగా వస్తే ధర పెరుగుతుంది, చెట్టూ బతుకుతుంది. వయోజన విద్య అంటే నా దృష్టిలో ఇదీ. బ్లాక్‌బోర్డు లేదు, చెట్టే పలక.

ఇప్పపువ్వుకు అలాంటి పాఠం ఇంకా కావాలి. తెల్లవారుజామున రాలే పువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఎండుటాకులు కాలుస్తారు. ఆ నిప్పు ఒక్కోసారి గుట్ట ఎక్కుతుంది. చెట్టు కింద వల పరిస్తే ఆ అవసరమే ఉండదు. ఈ సంగతి కరపత్రంలో అచ్చేసి పంచితే పనికాదు. వల పరిచి ఒక సీజన్ పువ్వు ఏరిన మనిషే వచ్చి, పక్క ఊరి మనిషికి చూపించాలి.

నీలాద్రిలో బడి పెట్టడమంటూ జరిగితే పాఠ్యపుస్తకం కొత్తగా రాయక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయించాలి. ఊళ్లో ఏ చెట్టు, ఏ ఆకు, దేనికి వాడతారు అన్నది ఊరివాళ్లే చెప్పగా రాసే పుస్తకం అది. చట్టంలో అచ్చయినవాటిలో ఇంత చక్కని ఆలోచన నేను ఎక్కువగా చూడలేదు. ఆచరణలో చాలాచోట్ల గడువు తరుముకొస్తే గడులు నింపిన కాగితంగానే మిగిలింది. ఆ రిజిస్టరును బీరువాలోంచి తీసి చెట్టు కిందికి తెస్తే చాలు. కోయ పెద్దమ్మ చెబుతుంది, ఆయిల్‌పామ్ రైతు వింటాడు, డిగ్రీ పిల్లలు రాస్తారు, ఫారెస్ట్ గార్డు తప్పులు దిద్దించుకుంటాడు.

“పెద్దమ్మా, ఈ చెట్టేంది?”

“సోమి గదయ్యా. గిది తెల్వదా?”

అలా నవ్వించుకోవడానికి సిద్ధపడ్డవాళ్లే అక్కడ చేరాలి. చెప్పేవాళ్లకు శాలువా కప్పి పంపితే కుదరదు. రోజు కూలికి తగ్గకుండా, ఆ సాయంత్రమే చేతికివ్వాలి. అడవిలోంచి ఒక పూట ఇవతలికి వస్తే ఆ పూట సంపాదన పోయినట్టే కదా. మందు చెప్పడం, చెప్పకపోవడం వాళ్ల ఇష్టం. రాక్స్‌బర్గ్ నాడు రాయకుండా వదిలేసిన పేర్లను ఈసారి రిజిస్టరులో పక్కనే రాయాలి, వాళ్లు ఒప్పుకుంటేనే.

ఎప్పుడు పెట్టాలన్నదీ ఆలోచించాలి. కార్తీకం బాగుంటుంది. ఉసిరి చెట్టు వెతుక్కుంటూ జనం ఎలాగూ వనభోజనాలకు బయల్దేరుతారు, పులిహోర గిన్నెలతో సహా. ఉసిరి దగ్గర మొదలుపెట్టి పక్క చెట్టుకు నడిపిస్తే సరి. వేసవి సెలవులు కదా అని ఏప్రిల్ చివర్లోనో మేలోనో మాత్రం పెట్టొద్దు. అప్పుడు తునికాకు సీజన్. తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, యాభై ఆకులకో కట్ట కట్టి, పొద్దుగూకేలోగా కల్లం దగ్గర లెక్క అప్పజెప్పాలి. ఆ రోజుల్లో గురువులెవరూ ఊళ్లో దొరకరు.