చలి నేల నుంచే ఎక్కుతుంది

డిసెంబరు తెల్లవారుజామున ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో వీధికుక్కను చూడండి. రాత్రి ఎవరో వేసుకున్న చలిమంట బూడిదలో ముడుచుకుని, తోకను ముక్కు మీదికి లాక్కుని పడుకుంటుంది. పైన కప్పు లేకపోయినా కింద వెచ్చగా ఉంటే చాలు దానికి. మనం చేసేది తలకిందులు. పెంపుడు కుక్కకు స్వెట్టర్ తొడిగి, బాల్కనీలో గ్రానైటు మీద పడుకోబెడతాం. బొచ్చు పలచగా ఉండే పొట్ట రాత్రంతా రాతికి ఆని ఉంటే స్వెట్టర్ ఏం ఆదుకుంటుంది?

అందుకే ముందు పడక సంగతి చూడాలి. నేలకు నాలుగంగుళాల ఎత్తున చెక్కబల్ల, దాని మీద మందంగా గోనెసంచులు. ఆరుబయట అయితే దుప్పటికన్నా ఎండు వరిగడ్డి మేలు. దుప్పటి మంచుకు తడుస్తుంది, ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. గడ్డిలోకైతే జంతువు దూరిపోతుంది, పరకల మధ్య గాలి వేడిని నిలిపి ఉంచుతుంది.

అసలు కష్టం కుక్కపిల్లలది. మన దగ్గర వీధికుక్కలు ఎక్కువగా వానాకాలం చివర్లో జతకడతాయి. చూడి కాలం సుమారు 63 రోజులు, కాబట్టి పిల్లలు సరిగ్గా చలికే పుడతాయి. మొదటి వారంలో వాటికి వణకడం కూడా రాదు, తల్లి ఒంటి వేడే దిక్కు. అలాంటి పిల్ల చల్లబడి కనిపిస్తే మనవాళ్లు వెంటనే నోట్లో పాలు పోస్తారు. ఎంత ప్రేమతో పోసినా అది ప్రమాదమే. ఒళ్లు చల్లబడితే పేగులు కదలవు, మింగే శక్తీ ఉండదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు ఒంటికి వేడి చేరాలి. వేడినీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పక్కన పెట్టండి, లేదా చొక్కా లోపల మీ పొట్టకు ఆనించుకోండి. తొందరపడొద్దు, గంటో రెండు గంటలో పట్టొచ్చు. నోరు వెచ్చబడి, వేలు పెడితే చప్పరించేదాకా ఏమీ తాగించొద్దు. తల్లి దగ్గర్లోనే ఉంటే, వెచ్చబడ్డాక దాని పక్కకే చేర్చండి. పెద్ద కుక్క విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి: వణుకు ఆగిపోయి మగతగా పడి ఉంటే కుదుటపడిందనుకోకండి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

పిల్లులు తమ చోటు తామే వెతుక్కుంటాయి, ఒక్కోసారి కారు బానెట్ కింద ఇంజను పక్కన. పొద్దున తాళం తిప్పేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి, కాస్త ఆగండి.

ఇక మన ఇంటి వైద్యం. జలుబు చేసిందని పిల్లికి పారాసెటమాల్ ఇవ్వొద్దు. దాని కాలేయం ఆ మందును అరిగించుకోలేదు, రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది, ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు. కర్పూరం, నీలగిరి తైలం కలిసిన బాములూ రాయొద్దు, ఒళ్లు నాక్కునే జంతువుకు అవి కడుపులోకే పోతాయి. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడమైతే జంతువులకే కాదు, మనకూ ప్రాణాంతకమే.

మీ ఇంట్లో పాత గోనెసంచులు ఉంటే, సంక్రాంతి వెళ్లేదాకా గేటు పక్కన గాలి తగలని మూల పరచండి. పొద్దునే దులిపి ఎండలో వేయడం మరిచిపోకండి.