పురానాపూల్: పాత వంతెనను బాగుచేయడమంటే ఏమిటి?

గోల్కొండ కోట వైపు నుండి మూసీ నదిని దాటించి దక్షిణపు గట్టుకు చేర్చే పురానాపూల్ 1578లో, ఇబ్రహీం కుతుబ్ షా పాలనలో నిర్మితమైంది. తెలుగు కవులను ఆదరించి, వారిచేత మల్కిభరాముడని కీర్తింపబడిన ప్రభువు ఇతడే. చార్మినార్ 1591 నాటిది. అంటే హైదరాబాదు నగరం కంటే ఈ వంతెన వయసు ఎక్కువ. మన పూర్వీకులు ఓడలెక్కిన కోరంగి, విశాఖపట్నం తీరాలు కూడా ఒకప్పుడు గోల్కొండ ఏలుబడిలోనివే కనుక ఈ వంతెన కథ మనకు పరాయిది కాదు.

పదిహేడవ శతాబ్దిలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే దీని అందాన్ని పారిస్‌లోని పోన్ నఫ్ వంతెనతో పోల్చాడు. దాదాపు ఆరువందల అడుగుల పొడవున, ఇరవైకి పైగా రాతి కమానులపై ఇది నిలిచింది. కమానులో రాళ్ళు ఒకదానినొకటి అదుముకొంటూ పైబరువును స్తంభాలకు, అక్కడి నుండి నేలకు దించుతాయి. రాళ్ళ నడుమ ఉన్న సున్నం కొద్దిపాటి కదలికను ఓర్చుకొంటుంది. లోపలికి చేరిన తేమను బయటికి విడుస్తుంది.

ఈ వంతెన చెక్కుచెదరకుండా నిలిచిందనుకోవడం పొరపాటు. 1820 నాటి వరదలో ఇది దెబ్బతినగా మూడవ నిజాం సికందర్ జా బాగుచేయించాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ మహోగ్రంగా పొంగి నగరంలోని తక్కిన వంతెనలను తెంచివేసినప్పుడు కూడా దీనికి గాయాలు తగిలాయి. మళ్ళీ మరమ్మతు జరిగింది. ఆ వరద తరువాతనే విశ్వేశ్వరయ్య సలహాల మేరకు ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. నాలుగు శతాబ్దాలకు పైబడిన ఈ ఆయుష్షు తొలినాటి మేస్త్రీలది మాత్రమే కాదు, తరువాత దానిని బాగుచేసినవారిది కూడా.

అందుచేత ఇటువంటి కట్టడాన్ని పునరుద్ధరించేవారు మొదట పగుళ్ళను పూడ్చరు. వాటికి కారణం వెదకుతారు. స్తంభాల మొదట నీరు మట్టిని కోస్తున్నదా? పైనున్న దారి నుండి వాననీరు కమానులలోకి ఇంకుతున్నదా? రావి, మర్రి మొక్కల వేళ్ళు కీళ్ళలో దిగాయా? కారణం తొలగించిన పిమ్మట పుచ్చిన సున్నాన్ని చేతి ఉలితో గీకి, గానుగలో నూరిన కొత్త సున్నాన్ని దట్టిస్తారు. తెలంగాణలో దీనిని డంగు సున్నమంటారు. ఇది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లగా రాయిగా మారుతుంది. ఆ కాలమంతా తడి ఆరిపోకుండా కాపాడుకోవాలి.

ఈ ఓపిక లేనప్పుడే సిమెంటు ప్రవేశిస్తుంది. సిమెంటు సున్నంకంటె బిరుసు. తేమను బయటికి పోనీయదు. లోపల చిక్కిన నీరు, లవణాలు పక్కనున్న రాతినే పెళ్ళలుగా రాలుస్తాయి. అతుకు గట్టిగా నిలిచి రాయి అరిగిపోతుంది.

వాడుక కూడా రక్షణలో భాగమే. నేడు పురానాపూల్‌పై కూరగాయల అంగళ్ళు సాగుతున్నాయి. వాహనాల బరువును పక్కనున్న కొత్త వంతెన మోస్తున్నది. మనుషులు నడిచే చోట పడిన పగులు త్వరగా కంటబడుతుంది. ఐతే నీరు పోయే తూములు చెత్తతో మూసుకొనకుండా చూడాలి.

మారిషస్‌లో పగడపు రాతిని కాల్చి సున్నం తీసిన బట్టీలు, చెరకు తోటల నాటి నల్లరాతి కట్టడాలు ఇంకా అక్కడక్కడ నిలిచివున్నాయి. భక్తితోనో అభిమానంతోనో పాత గోడకు సిమెంటు పూయించే ముందు, ఆ గోడను దేనితో కట్టారో ఒకసారి గీకి చూడడం మంచిది. సున్నంతో కట్టినదానికి సున్నమే మందు.