ఛాయాచిత్రము – ఇంటిగుట్టు

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అను సామెత తెలుగువారందఱకును తెలిసినదే. లంకలోని రహస్యములు విభీషణుని వలన వెలువడుటచే రావణునకు చేటు మూడెనని దాని భావము. ప్రతి కుటుంబమునకును, ప్రతి మనుష్యునకును పరులకు తెలియగూడని విషయములు కొన్ని యుండును. అవి దోషములే కానక్కరలేదు. మన నివాసము, పిల్లలు చదువుకొను బడి, ఇంటిలో ఎవరును లేని వేళ, రోగముతో నున్నవారి స్థితి - ఇవియన్నియు నిర్దోషమైన విషయములే. అయినను అవి పరుల చేతబడినచో మనకు హాని కలుగవచ్చును. ఇట్టి విషయములను తన యదుపులో నుంచుకొను హక్కునే గోప్యత యందురు. నేడు ఇంటింటను ఉన్న సెల్‌ఫోను కెమేరా వలన ఈ గోప్యతకు ఎట్లు భంగము కలుగునో, దానిని మనమెట్లు కాపాడుకొనవలయునో తెలిసికొందము.

గోప్యతకును కెమేరాకును చిరకాల సంబంధము కలదు. 1888వ సంవత్సరమున అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ అనునతడు ‘కొడాక్’ అను చిన్న కెమేరాను అమ్మకమునకు తెచ్చెను. అంతకుముందు ఛాయాచిత్రములు తీయుట నేర్పుగలవారికే సాధ్యమగుచుండెను. ఈ క్రొత్త కెమేరాను ఎవరైనను చేతబట్టుకొని మీట నొక్కవచ్చును. దానిలో నూరు చిత్రములకు సరిపడు ఫిలిము చుట్ట యుండెను. అది పూర్తికాగానే యజమాని ఆ కెమేరాను ఉన్నదున్నట్లుగా రోచెస్టర్ నగరమందలి కర్మాగారమునకు పంపుచుండెను. అచ్చటి పనివారు ఫిలిమును కడిగి, చిత్రములను అచ్చువేసి, క్రొత్త ఫిలిము నింపి తిరిగి పంపుచుండిరి. రెండు సంవత్సరముల పిమ్మట, 1890లో, శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అను ఇరువురు అమెరికను న్యాయవాదులు హార్వర్డు న్యాయశాస్త్ర పత్రికలో గోప్యతా హక్కును గూర్చి ఒక వ్యాసమును ప్రకటించిరి. క్షణములో తీయబడు ఛాయాచిత్రములును, వార్తాపత్రికలును గృహజీవనములోనికి చొరబడుచున్నవని వారు అందు హెచ్చరించిరి.

ఆ కాలమునకును మన కాలమునకును ఒక ముఖ్యమైన భేదము కలదు. కొడాక్ యజమాని తన చిత్రములను తానే మూటగట్టి పంపెను. అవి ఎచ్చటికి పోవుచున్నవో అతడెఱుగును. సెల్‌ఫోను వాడువానికి ఆ సంగతి తెలియకుండనే చిత్రములు దూరదేశములకు పోవచ్చును.

ఇది యెట్లు జరుగునో గ్రహించుటకు మొదట ఫోనులోని చిత్రము యొక్క స్వభావమును తెలిసికొనవలయును. కటకము ద్వారా వచ్చిన వెలుగు ఫోనులోని సెన్సారుపై బడి అంకెలుగా మారును. ఆ అంకెల సమూహమే ఒక ఫైలుగా భద్రపడును. అయితే ఆ ఫైలులో బొమ్మ యొక్కటే యుండదు. ఉత్తరమునకు జోడించిన చీటివలె మఱొక భాగము దానిని అంటియుండును. చిత్రము తీసిన తేది, గంట, నిమిషము, ఫోనును తయారుచేసిన సంస్థ, ఆ ఫోను రకము మొదలగు వివరములు అందు చేరును. ఈ చీటిని వ్రాయు పద్ధతిని 1995లో జపాను దేశమున ఏర్పఱచిరి. దానికి ‘ఎక్జిఫ్’ అని పేరు. దీని యుద్దేశము మంచిదే. వేలకొలది చిత్రములను తేదీల వరుసలో పేర్చుకొనుటకు ఇది మిక్కిలి తోడ్పడును.

కాని కెమేరాకు స్థానమును తెలిసికొను అనుమతి నిచ్చియుంటిమేని, ఉపగ్రహముల సంకేతముల సాయముతో ఫోను గుర్తించిన అక్షాంశ రేఖాంశములు సైతము ఆ చీటిలో చేరును. ఒక డిగ్రీ అక్షాంశము భూమిపై సుమారు 111 కిలోమీటర్ల దూరమని భూగోళ పాఠములలో చదువుదుము. ఆ డిగ్రీలో లక్షవ వంతు సుమారు ఒక మీటరు మాత్రమే. ఫోను ఇంత సూక్ష్మమైన అంకెలను సైతము వ్రాయగలదు. ఆరుబయట నున్నప్పుడు కొద్ది మీటర్ల తేడాతో స్థానమును చూపగలదు. అనగా, ఆ చీటి మన ఊరి పేరుతోనో వీధి పేరుతోనో ఆగదు. మన వాకిటి వఱకు దారి చూపును.

ఈ చిన్న చీటి ఎంత పని చేయగలదో 2012 డిసెంబరులో లోకమునకు తెలియవచ్చెను. కంప్యూటర్లకు పట్టు వైరసులను అరికట్టు సాధనములను నిర్మించి ప్రసిద్ధి గన్న జాన్ మెకాఫీ అప్పుడు అజ్ఞాతవాసములో నుండెను. ఒక హత్య విషయమున బెలీజు దేశపు పోలీసులు అతనిని ప్రశ్నింపగోరుచుండిరి. అతని వెంటనున్న విలేఖరులు అతని చిత్రము నొకదానిని ఇంటర్నెట్టులో ప్రకటించిరి. ఆ ఫైలులోని అక్షాంశ రేఖాంశములను తొలగించుట మఱచిరి. చూచినవారు వానిని చదివి, అతడు పొరుగున నున్న గ్వాటెమాలా దేశములో నున్నాడని కనిపెట్టిరి. కొద్ది దినములలోనే ఆ దేశపు పోలీసులు అతనిని నిర్బంధించిరి. కంప్యూటర్ల రక్షణయే వృత్తిగా గలవాని జాడ నే ఒక చిత్రము బయటపెట్టెను. ఇంటి ముంగిట నిలిచిన పసిబాలుని చిత్రమునకు సైతము అట్టి చీటియే యుండవచ్చును గదా!

ఇక యాపుల సంగతి. ఫోనుతో వచ్చు కెమేరాయే గాక, ముఖమునకు మెఱుగులు దిద్దునవి, వయస్సును మార్చి చూపునవి మొదలగు యాపులు అనేకములు గలవు. వానిని తెఱువగానే అనుమతుల నడుగును. చిత్రము తీయుటకు కెమేరా కావలయును. మాటలతో కూడిన వీడియోకు మైకు కావలయును. ఇవి న్యాయమైన కోరికలే. కాని ముఖమునకు రంగులద్దు యాపునకు మన బంధుమిత్రుల ఫోను నంబర్లతో పనియేమి? పనికి మించిన అనుమతి నడుగు యాపును శంకింపవలయును.

కొన్ని యాపులు పనినంతయు ఫోనులోనే ముగించును. మఱికొన్ని చిత్రమును తమ సర్వర్లకు పంపి, అచ్చట మార్చి, తిరిగి యిచ్చును. 2019లో ముఖమునకు వార్ధక్యమును కల్పించి చూపు ‘ఫేస్‌యాప్’ అనునది అనేక దేశములలో వ్యాపించెను. రష్యాలోని ఒక సంస్థ దానిని నిర్మించెను. చిత్రములను సర్వర్లకు పంపుట నిజమేననియు, వానిలో పెక్కింటిని 48 గంటలలో తొలగింతుమనియు ఆ సంస్థ తెలిపెను. అట్టి మాటను నమ్మవలసినదే గాని, సామాన్యుడు దానిని స్వయముగా పరీక్షించి చూడజాలడు.

మాట తప్పినచో నేమగును? చిత్రములను భద్రపఱచు ‘ఎవర్’ అను యాపుపై అమెరికా దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో చర్య గైకొనెను. ఖాతాలు మూసివేసినవారి చిత్రములను తొలగింతుమని చెప్పియు ఆ సంస్థ తొలగింపలేదని కమిషన్ ఆరోపించెను. వాడుకరుల చిత్రములతో, ముఖములను గుర్తించు సాధనమును తీర్చిదిద్దెననియు తెలిపెను. ఆ చిత్రములనే గాక, వానితో తయారైన సాధనమును సైతము నిర్మూలింపవలెనని సంస్థను ఆజ్ఞాపించెను. తాళపుచెవి పోయినచో తాళమును మార్చవచ్చును. రహస్యపదము బయటపడినచో క్రొత్తదానిని పెట్టుకొనవచ్చును. ముఖమును మార్చుకొనుట యెట్లు? కావున ముఖచిత్రమును తక్కిన వివరములకంటె హెచ్చు జాగ్రత్తతో కాపాడుకొనవలయును.

మన దేశమున 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టులోని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేయబడినది. దానిని దశలవారీగా అమలుపఱచుటకై 2025 నవంబరులో నియమములు ప్రకటింపబడినవి. ఏ సమాచారమును ఏ పనికై గైకొందురో ముందుగా తెలిపి, మన సమ్మతి పొందవలెనని ఈ చట్టము చెప్పుచున్నది. ఆ ప్రకటనను ఇంగ్లీషులో గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో గాని చదువుకొను అవకాశము నీయవలయును. తెలుగు అందులోనిదే. ఇచ్చిన సమ్మతిని తిరిగి తీసికొను హక్కు సైతము కలదు. పదునెనిమిదేండ్లు నిండనివారి విషయమున తలిదండ్రుల సమ్మతి యవసరము.

చట్టము రక్షించును, అయినను జాగ్రత్త మన చేతిలోనిదే. ఫోను సెట్టింగులలో కెమేరాకిచ్చిన స్థానానుమతిని తీసివేసినచో, అటుపై తీయు చిత్రములకు అక్షాంశ రేఖాంశములు చేరవు. యాపునకు అన్ని చిత్రములను గాక, కావలసిన ఒకటి రెండింటిని మాత్రమే చూపు సౌకర్యము నేటి ఫోనులలో కలదు. కెమేరా పని చేయుచున్నంతసేపు పైమూలలో చిన్న పచ్చని గుర్తు కనబడును. మనము చిత్రము తీయనప్పుడు అది వెలిగినచో, ఏ యాపు కెమేరాను వాడుచున్నదో విచారింపవలయును. వాడని యాపును తీసివేయుటతో సరిపెట్టక, మొదట అందలి ఖాతాను తొలగింపవలయును. ఏలయన, యాపు పోయినను సర్వరులోని చిత్రములు నిలిచి యుండవచ్చును.

మఱియొక ధర్మము కలదు. మనము తీయు చిత్రములో మనమే కాక మిత్రులు, తోబుట్టువులు, దారిన పోవువారు సైతము ఉందురు. వారి ముఖము వారి సొత్తు. వారి నడుగక దానిని పదుగురికి పంపుట, ఒకరి ఉత్తరమును విప్పి వీధిలో చదివి వినిపించుట వంటిదే.

‘పెదవి దాటిన మాట పృథివి దాటును’ అని పెద్దలు చెప్పుదురు. ఫోను దాటిన చిత్రమును గూర్చియు అట్లే చెప్పవచ్చును. కనుక మీట నొక్కుటకు ముందు దృశ్యమును ఎంత శ్రద్ధతో చూతుమో, అనుమతి నిచ్చుటకు ముందును అంత శ్రద్ధతో ఆలోచించుట మన విధి.