కోరంగి వాళ్లదో దీవి.. యానాం వాళ్లదో దీవి!

యానాంలో కాకినాడ బస్సెక్కితే కాసేపటికే కోరంగి తగులుతుంది. ఇప్పుడక్కడ మడ అడవులు చూడ్డానికొచ్చే వాళ్ల సందడే గానీ, ఒకప్పుడది ఓడలు కట్టిన ఊరు. పెద్ద రేవు. 1839 నవంబరు తుపాను దాన్ని తుడిచిపెట్టేసింది. ఈ గోదావరి మొగ నుంచి ఓడలెక్కి వెళ్లిన కూలీల వారసులు ఇవాళ హిందూ మహాసముద్రంలో రెండు దీవుల్లో ఉన్నారు. మారిషస్ ఒకటి, రీయూనియన్ ఇంకొకటి. మధ్య దూరం సుమారు 200 కిలోమీటర్లు. ఆ రెండూ ఫుట్‌బాల్ మైదానంలో ఎదురుపడ్డాయంటే మాత్రం.. మన పల్లెల్లో గట్టు దగ్గర దాయాదుల తగువే!

రీయూనియన్‌ను అప్పట్లో బూర్బన్ అనేవారు. ఫ్రెంచి దొరలు 1828లోనే యానాం రేవు నుంచి తెలుగు కూలీలను అక్కడి చెరకు తోటలకు తీసుకెళ్లారు. మారిషస్ ఇంగ్లీషు వాళ్లది. అక్కడికి 1834 నుంచి ఒప్పంద కూలీల ఓడలు బారులు కట్టాయి. బీహారీలు, తమిళులు, మరాఠీలతో పాటు మనవాళ్లూ వెళ్లారు. కోరంగి నుంచి వచ్చారు కాబట్టి అక్కడ తెలుగోళ్లకు ‘కోరంగీలు’ అన్న పేరు పడింది. విశాఖ నుంచి వెళ్లినోడైనా కోరంగీయే!

రీయూనియన్‌లో మన భాష నిలవలేదు. దక్షిణాది వాళ్లందర్నీ కలిపి ‘మలబార్’ అనేశారు. మారిషస్‌లో మాత్రం ఇంట్లో మాట్లాడేది క్రియోల్ అయినా ఉగాది సర్కారు సెలవు, సింహాద్రి అప్పన్న పూజ ఉంది, పిల్లలు బడిలో తెలుగు చదువుకునే వీలుంది.

ఫిఫాలో లేని జట్లు

ఈ దీవుల మధ్య బంతాట కొత్తదేం కాదు. మారిషస్, రీయూనియన్, మడగాస్కర్ 1947లోనే మూడు ముక్కలాటగా టోర్నీ మొదలెట్టాయి. అది 1960ల్లో ఆగిపోయింది. తర్వాత 1979లో రీయూనియన్ వేదికగా హిందూ మహాసముద్ర దీవుల క్రీడలు మొదలయ్యాయి. సీషెల్స్, కొమొరోస్, మాల్దీవులు, మయోట్ కూడా ఈ క్రీడల బంధువర్గంలోవే. పరుగు పందేలు, ఈత, బాక్సింగ్.. అన్నీ ఉంటాయి. జనం ఎగబడేది మాత్రం ఫుట్‌బాల్‌కే.

ఇందులో ఒక తిరకాసుంది. రీయూనియన్, మయోట్ దేశాలు కావు. ఫ్రాన్సులో జిల్లాల్లాంటివి. ఫిఫా సభ్యత్వం లేదు, ప్రపంచ కప్పు అర్హత పోటీలాడే దారి లేదు. రీయూనియన్‌లో పుట్టిన దిమిత్రి పాయెట్ లాంటి ఆటగాడు ఫ్రాన్సు చొక్కా వేసుకోవాల్సిందే. 2016 యూరో కప్పులో అతని ఆట చూసిన వాళ్లకు ఆ దీవి సత్తా ఏమిటో తెలుసు. అందుకే ఈ దీవుల పోటీయే రీయూనియన్‌కు ప్రపంచ కప్పు. ఊరు ఒక చోట, సర్కారు ఇంకెక్కడో ఉండటం అంటే ఏమిటో యానాం వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు కదా!

జెండా గొడవలూ ఉన్నాయి. మయోట్ తమదేనంటుంది కొమొరోస్. 2015లో రీయూనియన్‌లో ప్రారంభోత్సవాన మయోట్ క్రీడాకారులు ఫ్రెంచి జెండాతో నడిచారని కొమొరోస్ బృందం మొత్తం క్రీడల నుంచే తప్పుకుంది. అదే మయోట్ ఆ ఏడాది ఫుట్‌బాల్ ఫైనల్ దాకా వచ్చి రీయూనియన్ చేతిలో ఓడింది.

1999 మే 23

మారిషస్ కథ వేరు. దానికి ఫిఫా సభ్యత్వం ఉంది. 1974లో ఆఫ్రికా కప్పులోనూ ఆడింది. తగువంతా ఇంట్లోనే. అక్కడి క్లబ్బులు ఊళ్ల పేరున కాదు, జాతుల పేరున పుట్టాయి. హిందూ కేడెట్స్, ముస్లిం స్కౌట్స్, తమిళ్ కేడెట్స్, క్రియోల్ జనం నెత్తిన పెట్టుకున్న ఫైర్ బ్రిగేడ్, తెల్లవాళ్ల డోడో క్లబ్. మన దగ్గర కులానికో కల్యాణమండపం ఉన్నట్టు అక్కడ జాతికో జట్టు. తర్వాత పేర్లలో హిందూ, ముస్లిం అన్న మాటలు తీసేయించారు. బోర్డు మీద మాట పోయింది గానీ గ్యాలరీలో కూర్చునే మనిషి మారలేదు.

1999 అసలే చెడ్డ ఏడాది. ఫిబ్రవరిలో కాయా అనే క్రియోల్ గాయకుడు పోలీసు నిర్బంధంలో చనిపోతే దీవి అట్టుడికింది. ఆ వేడి చల్లారకముందే మే 23న స్కౌట్స్, ఫైర్ బ్రిగేడ్ మధ్య మ్యాచ్. ఫైర్ బ్రిగేడ్ గెలిచింది. ఆట జరిగిన అంజలై స్టేడియం 1943లో చెరకు కూలీల మీద జరిగిన కాల్పుల్లో ప్రాణం పోగొట్టుకున్న మహిళ పేరున కట్టింది. అక్కణ్నుంచి బయల్దేరిన అల్లరిమూక చెరకు తోటలకు నిప్పు పెట్టి, రాజధాని పోర్ట్ లూయీ చేరి ఓ జూదశాలను తగలబెట్టింది. లోపలున్న ఏడుగురు కాలిపోయారు. ఆటకూ ఆ ఏడుగురికీ ఏ సంబంధమూ లేదు.

సర్కారు లీగును ఆపేసింది. జాతి పేరు మోసిన పాత క్లబ్బులు పోయి, ప్రాంతాల పేరుతో కొత్తవి వచ్చాయి. మంచి పనే. కానీ జనం మాత్రం మైదానాలకు రావడం మానేశారు. టీవీలో ఇంగ్లండు లీగ్ పెట్టుకుని ఇంట్లో కూర్చున్నారు. కోపంతో పాటు ప్రేమా పోయిందన్న మాట.

మళ్లీ గ్యాలరీలు నిండింది 2003లో. నాలుగేళ్ల కిందటి మంట ఇంకా కళ్ల ముందే ఉండగా దీవుల క్రీడలు మారిషస్‌లోనే జరిగాయి. ఫైనల్లో రీయూనియన్‌ను ఓడించి ‘క్లబ్ ఎం’ స్వర్ణం గెలిచింది. మారిషస్ జట్టును వాళ్లు పిలుచుకునే పేరది. క్రియోల్‌లో ఆ దేశాన్ని ‘మోరిస్’ అంటారు, ఆ మొదటి అక్షరమే ఎం. అందులో హిందూ లేదు, ముస్లిం లేదు, కోరంగీ లేదు. ఒక క్లబ్బుగా చూస్తే, ఆ దీవిలో అందరిదీ అనిపించుకున్నది అదొక్కటే!

ఆ తర్వాత అదృష్టం మొహం చాటేసింది. 2011లో లక్ష జనాభా కూడా లేని సీషెల్స్ సొంతగడ్డపై ఫైనల్లో పెనాల్టీ కిక్కులతో మారిషస్‌ను కొట్టింది. 2019లో క్రీడలు మళ్లీ మారిషస్‌కు వచ్చాయి. మారిషస్ అంతకు ముందు ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచింది రెండే సార్లు, 1985, 2003. రెండూ ఇంట్లోనే. మూడోదీ ఖాయమనుకున్నారు. ఫైనల్లో ఎదురొచ్చింది ఎవరనుకున్నారు? ఇంకెవరు, రీయూనియనే. ఆట సమానమైంది. మళ్లీ పెనాల్టీలు. ఆ ఏడాది మొత్తం పతకాల పట్టికలో మొదటి స్థానం మారిషస్‌దే. ఫుట్‌బాల్ స్వర్ణం మాత్రం దాయాది పట్టుకుపోయాడు.