మంచు అడుగున ఏముంది?

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద మంచుగోడ కూలి మద్రాస్ రెజిమెంట్ బృందంలోని 10 మంది కూరుకుపోయారు. వారిలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె వాసి ముస్తాక్ అహ్మద్ ఒకరు. చినుకు కోసం మొగులు చూసే సీమ బిడ్డను మంచు మింగిందంటే విధిరాత అనిపించడం సహజమే. అంతటి గోడ ఎప్పుడు విరుగుతుందో ముందే పసిగట్టడం చాలా కష్టం కనుక సోనమ్ వరకు ఆ మాట కొంత చెల్లుతుంది. కానీ ట్రెక్కింగ్‌కని హిమాలయాలకు వెళ్లే మన కుర్రకారుకు ఎదురయ్యే మంచు చరియలు చాలావరకు వేరే రకం. అవి కాలి కిందే తయారై ఉంటాయి, మనిషి బరువుకే తెగుతాయి.

శీతాకాలం మొదట్లో పలచగా కురిసిన మంచు మీద మబ్బులేని చలిరాత్రులు వరసగా గడిస్తే, నేలకున్న వెచ్చదనం వల్ల ఆవిరి పుట్టి పైకి పాకుతుంది. దాంతో అడుగు మంచు ఒకదానికొకటి అంటుకోని గరుకు పలుకులుగా మారుతుంది. తర్వాత కురిసే మంచునూ, గాలి మోసుకొచ్చి పోసే మంచునూ ఈ బలహీనపు పొరే మోయాలి. పైన గట్టిపడిన మంచు మీద ఒకచోట అడుగు పడితే చాలు, కడప గనిలో బండ పొర వెంట విడిపోయినట్టు, కింద మొదలైన చీలిక క్షణాల్లో వాలంతా పాకుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో ఈ ముప్పు ఎక్కువ. కాబట్టి ‘ఆకాశం తేటగా ఉంది, పోదాం పద’ అనడం ఇక్కడ కుదరదు. పొరను పాడుచేసింది ఆ తేట రాత్రులే కావచ్చు.

అనుభవమున్న గైడ్ వెంట ఉంటే చాలదా? 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా దండా-2 శిఖరం దగ్గర ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందంలో 20 మందికి పైగా చరియ కింద చనిపోయారు, వారిలో శిక్షకులూ ఉన్నారు. అనుభవానికి విలువ ఉంది, కానీ పొరల సంగతి గొయ్యి తవ్వితేనే తెలుస్తుంది. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ ముందస్తు హెచ్చరికలిస్తుంది. అవి ప్రాంతం మొత్తానికి చెప్పేవే తప్ప మనం దాటబోయే వాలు గురించి కావు. సోనమ్‌లోనే కూరుకుపోయిన జవాను హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికాడు కదా అని కొందరు ధైర్యం చెబుతారు. గుడారంలో చిక్కిన గాలి ఆయన్ని అన్నాళ్లు నిలబెట్టింది. అయినా ఫిబ్రవరి 11న కన్నుమూశాడు. మామూలుగా 10 నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు, అరగంట దాటితే ఎక్కువమంది దక్కరు. హెలికాప్టర్ అంతలో రాదు, తీయాల్సింది పక్కనున్నవాళ్లే. ట్రెక్ నిర్వాహకులకు డబ్బు కట్టేముందు భోజనం సంగతి తర్వాత అడగొచ్చు. మంచు వాలు మీద ఒక్కొక్కరినే దాటిస్తారా, అందరి దగ్గరా మంచు కింద జాడ తెలిపే బీకన్, గుచ్చి వెతికే ప్రోబ్, తవ్వే పార ఉంటాయా అన్నది ముందు అడగాలి.